నాలుక చేపకు రెండు గుల్లలు

ఉప్పెన వచ్చి మడచెట్లు సగానికి సగం విరిగిపోయిన తరువాత మూడో ఏడు, చలి మొదలవుతున్న రోజుల్లో, ఒక పెద్ద అడవిలో ఈ సంగతి జరిగింది.

ఆ అడవి సముద్రం దాకా వచ్చి ఆగిపోయింది. అడవికీ సముద్రానికీ మధ్య ఒక ఉప్పుటేరు. ఏటి ఒడ్డున మూడు రేవులు. పై రేవు కొంగలది. నడిమి రేవు గూడబాతులది. సముద్రం పక్కనున్న చిన్న రేవు నీటికుక్కలది. మూడు రేవులూ కలిపి నడిచినా ఒక పూట దూరం లేదు. అయినా ఒక్కో రేవూ తానొక దేశం అనుకునేది. కొంగ పొరపాటున నడిమి రేవులో కాలు పెడితే గూడబాతులు చుట్టూ మూగి, "ఏం పని మీద వచ్చారు? ఎన్నాళ్లుంటారు? వెంట ఏం తెచ్చారు?" అని అడిగేవి. తెచ్చింది రెండు కాళ్లే అని కొంగ చూపించాలి.

నీటికుక్క అంటే కుక్క కాదు. ముంగిసకు ఈత నేర్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చిన్న రేవులో మిగిలిన నీటికుక్క ఒక్కతే, మీసాలమ్మ. ఆమెకు నలుగురు పిల్లలు. ఇంకా ఈత సరిగా రాని వయసు.

ఉప్పెన తరువాత ఆ ఏట్లో మామూలు చేపలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఆ చలికాలానికి బొత్తిగా కనిపించకుండా పోయాయి. మిగిలింది నాలుక చేప. చూడనివాళ్ల కోసం చెబుతాను. అది బాదం ఆకులా పలచగా ఉంటుంది. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే అటొకటి ఇటొకటి కళ్లుంటాయి. పెరుగుతున్నకొద్దీ ఒక కన్ను మెల్లగా జరిగి జరిగి రెండో కంటి పక్కకు చేరుతుంది. అప్పుడది బురదలో పక్క మీద పడుకుని, రెండు కళ్లతోనూ పైకి చూస్తూ బతుకుతుంది. పై పక్క మట్టి రంగు. కింది పక్క తెల్లగా, కన్నూ గిన్నూ లేకుండా, ఉతికిన గుడ్డలా ఉంటుంది.

మూడు రేవులకూ కలిపి ఒక సంఘం ఉండేది. అధ్యక్షుడు ఎలుగుబంటి, పేరు భల్లూకరావు. ఆయన చేపలు తినడు. తేనె, చెదపురుగులు, ఇప్పపూలు తింటాడు. చేపల సంగతి బొత్తిగా తెలియదు కనక పక్షపాతం ఉండదని ఆయన్ను ఎన్నుకున్నారు.

లెక్కల గుమాస్తా తాబేలు, డిప్పయ్య. ప్రతి పున్నమికీ ఆ రోజు వేటాడిన చేపలను రేవులవాళ్లు సంఘం బండ మీద వరసగా పరచాలి. డిప్పయ్య వరస వెంట నడుస్తూ, కనిపించిన ఒక్కో కంటికీ ఒక్కో నత్తగుల్ల పక్కన పెడతాడు. ఒక కన్ను, ఒక చేప.

కళ్లెందుకు లెక్కపెట్టాలి అంటారా? పూర్వం తోకలు లెక్కపెట్టేవాడు. గూడబాతులు తోకలను నిలువునా చీల్చి రెండు చేశాయి. తరువాత తలలు లెక్కపెట్టాడు. కొంగలు నిరుటి తలలు దాచి తెచ్చాయి. ఆ కంపుకు అధ్యక్షుడు మూడు రోజులు తేనె ముట్టలేదు. చివరికి కన్ను అన్నారు. పక్క మీద పడుకోబెట్టిన మామూలు చేపకు పైకి కనిపించేది ఒక్క కన్నే. దాన్ని చీల్చడానికి వీల్లేదు, దాచడానికి వీల్లేదు. గొప్ప నిబంధన. ఇప్పుడు చేప మారింది. నిబంధన మారలేదు.

ఆ చలికాలం సంఘం సమావేశమైంది.

"మనకు రేవులు ఎక్కువ, ఏరు తక్కువ," అన్నాడు భల్లూకరావు. "అందుకని వరసగా రెండు పున్నములు ఇరవై గుల్లలు రాని రేవు దండగ రేవు. దాన్ని మూసి, ఆ నీరు మిగతావాళ్లకు పంచేద్దాం."

మీసాలమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నేనొక్కదాన్నే వేటాడాలి. నలుగురు పసివాళ్లు. రేవు మూస్తే మేమెక్కడికి పోవాలి?"

"మూసిన తరువాత ఆలోచిద్దాం తల్లీ. ముందే ఆలోచిస్తే నిబంధనను అవమానించినట్టు."

మొదటి పున్నమి వచ్చింది.

గూడబాతుల పెద్ద సంచయ్య వచ్చి, బండ మీద నోరు తెరిచి ముక్కు కింది సంచి దులిపాడు. పన్నెండు చేపలు జర్రున జారి, అన్నీ కళ్లు పైకి పడ్డాయి. డిప్పయ్య నడిచాడు. ఇరవై నాలుగు గుల్లలు పెట్టాడు.

సంచయ్యకు తను పట్టింది పన్నెండని తెలుసు. అడుగుదామని నోరు తెరవబోయాడు. ఆలోచించి మూసుకున్నాడు. ఆ పూట అంతా అంత మర్యాదగా ఎప్పుడూ లేడు.

కొంగల పెద్ద ధవళయ్య పదమూడు చేపలు తెచ్చి ఎలా పడితే అలా విసిరాడు. ఏడింటికి కళ్లు కనిపించాయి. పద్నాలుగు గుల్లలు. ధవళయ్య మెడ ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంచి బండ వంక చూసి, తరువాత సంచయ్య వంక చూశాడు.

"ఏం బావా, నోరు విప్పవేం?"

"పంటి నొప్పి బావా."

"మనకు పళ్లెక్కడివి?"

"అందుకే నొప్పి."

మీసాలమ్మ పదిహేను చేపలు తెచ్చింది. అందరికంటే ఎక్కువ. రేవు నిలవాలని తెల్లవారకముందే దిగింది మరి. సంఘం ముందు శుభ్రంగా కనపడాలని ఒక్కో చేపనూ కడిగి, బురద రంగు పక్క కిందికీ, తెల్లని పక్క పైకీ పెట్టి, పిల్లలు పడుకున్నట్టు వరసగా సర్దింది.

డిప్పయ్య వరసంతా నడిచాడు. ఒక్క గుల్ల కూడా పెట్టలేదు.

"డిప్పయ్య తాతా, గుల్లలేవీ?"

"నీ చేపలకు కళ్లు లేవమ్మా."

"కిందున్నాయి తాతా. నాలుక చేపకు కళ్లు ఒక పక్కే ఉంటాయి. కాస్త తిప్పి చూడు."

"తిప్పడం నా పని కాదు. చూడడం నా పని."

"సరే, నేను తిప్పుతా. వెనక్కి వచ్చి చూడు."

"వెనక్కా!" డిప్పయ్య తల డిప్పలోకి పోయి మళ్లీ బయటికి వచ్చింది. "నేను వెనక్కి తిరగాలంటే ఒక పూట పడుతుంది. ఆ లోపల పున్నమి అయిపోతుంది."

"నీ ముందర పదిహేను చేపలున్నాయా లేవా?"

"చేపలున్నాయి. కాదనను. లెక్కలో లేవు."

రెండో పున్నమికి మీసాలమ్మ పదిహేను చేపలూ కళ్లు పైకి పెట్టింది. ముప్పై గుల్లలు వచ్చాయి. ఆమెకు మనసు ఒప్పలేదు.

"తాతా, నేను పట్టింది పదిహేనే."

"ముప్పై."

"పట్టినదాన్ని నేను కదా, నాకు తెలియదా?"

"పట్టడం నీకు తెలుసు. ఎన్నో నాకు తెలుసు. ఎవరి పని వాళ్లం చేసుకుందాం."

ఆమె బండ చుట్టూ చూసింది. కొంగల చేపలు పన్నెండూ, గూడబాతుల చేపలు పదమూడూ అన్నీ కళ్లు తెరుచుకుని ఆకాశం వంక చూస్తున్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. రేవు నిలిచింది కదా అని ఆమె కూడా చేపలు మూటగట్టుకుని ఊరుకుంది. ఆమె తప్పు ఏదన్నా ఉంటే అదొక్కటే.

ఇక పండితుడి సంగతి. సంఘానికి ఒక ఉడుము ఉండేవాడు, తోకేశ్వరశాస్త్రి. ఆయన పున్నమి పున్నమికీ గుల్లలు చూసి ఇసుకదిబ్బ మీద నడిచేవాడు. గుల్లలు పెరిగితే దిబ్బ పైకి, తగ్గితే కిందికి. ఆయన తోక వెనకాల ఇసుకలో గీత పడేది. అందరూ దూరంగా నిలబడి ఆ గీత చూసి ఏటి పరిస్థితి తెలుసుకునేవారు. ఏరు పక్కనే ఉంది. అటు ఎవరూ చూసేవారు కాదు. గీత చూడడం తేలిక.

మొదటి పున్నమికి ముప్పై ఎనిమిది గుల్లలు. రెండో పున్నమికి ఎనభై. శాస్త్రి దిబ్బ సగం దాకా ఎక్కాడు.

"చేపలు రెట్టింపు దాటాయి!" అని పైనుంచి కేక వేశాడు.

"పట్టినవా, ఉన్నవా?" అని కిందనుంచి మీసాలమ్మ అడిగింది.

"గీతకు ఆ తేడా లేదమ్మా!"

భల్లూకరావు సంతోషం పట్టలేక వెనక కాళ్ల మీద నిలబడ్డాడు. "చేపలు రెట్టింపయితే వేట కూడా రెట్టింపు కావాలి కదా. ఇన్నాళ్లూ పొద్దున ఒక పూటే వేటాడారు. ఇకనుంచి రెండు పూటలా!"

రెండు పూటలా వేట సాగింది. కొంగలు మోకాలి లోతున, గూడబాతులు గుంపులు గుంపులుగా. మూడో పున్నమికి గుల్లలు మరీ పెరిగాయి. శాస్త్రి దిబ్బ కొసకెక్కి, కింద ఉన్న జనాన్ని చూసి గర్వంగా ఒక కాలు ఎత్తాడు. ఇసుక జారింది. కొస నుంచి దొర్లుకుంటూ, తోకతో సహా, వచ్చి అధ్యక్షుడి కాళ్ల దగ్గర పడ్డాడు. గీత పైనుంచి అడుగు దాకా సూటిగా దిగింది.

"పడిపోయాయి!" అని ధవళయ్య అరిచాడు. "చేపలు పడిపోయాయి!"

"ఒక్క పూటలో ఇంత పతనమా!" అన్నాడు భల్లూకరావు.

"పడింది శాస్త్రిగారండీ," అంది మీసాలమ్మ. "కానీ చెప్పక తప్పదు. చేపలు కూడా తగ్గుతున్నాయి. చలి మొదట్లో ఒక మునకకు ఒక చేప దొరికేది. ఇప్పుడు పది మునకలు వేస్తే ఒకటి. అదీ నా అరచేయంత లేదు. ఇంకో మాట. చేపపిల్లలు పెరిగేది మా రేవు బురదలోనే. అక్కడ లోతు తక్కువ. అవి పెద్దయి మీ రేవులకు వస్తాయి. మూడు నెలలు అందరం వేట ఆపితే మూడు రేవులూ బతుకుతాయి."

శాస్త్రి చెవిలోని ఇసుక దులుపుకుంటూ, "మునకలు కొలిచే పద్ధతి మన దగ్గర లేదు," అన్నాడు.

"ఆపడం అంటే మరీ మొరటుగా ఉంటుంది," అన్నాడు భల్లూకరావు. "ఒక హద్దు పెడదాం. పున్నమి లెక్కలో ఏ రేవూ ఇరవై గుల్లలు దాటకూడదు. దాటితే రేవు మూత."

డిప్పయ్య మెల్లగా తల బయటపెట్టాడు. "అయ్యా, ఇరవైకి తగ్గితే మూత అని పాత నిబంధన ఒకటుంది."

"ఉండనీ. తగ్గితే మూత, దాటితే మూత. అంటే ఇరవై. ఇంత తేలికైన లెక్క నేనెప్పుడూ వినలేదు."

నాలుగో పున్నమికి సంచయ్య పంతొమ్మిది చేపలు తెచ్చాడు. పదింటిని కళ్లు పైకి పెట్టాడు, తొమ్మిదింటిని తెల్లని పక్క పైకి పెట్టాడు. ఇరవై గుల్లలు. ధవళయ్య పదిహేడు తెచ్చాడు. పది ఇలా, ఏడు అలా. ఇరవై గుల్లలు. మీసాలమ్మకు దొరికినవే పది. ఇరవై గుల్లలు.

శాస్త్రి దిబ్బ మీద అడ్డంగా, తాడు పరిచినట్టు తిన్నగా నడిచాడు. "ఇంత తిన్నని గీత నా తోక ఇంతకుముందు గీయలేదు! ఏరు కుదుటపడింది!"

అధ్యక్షుడు తన చేత్తో అందరికీ ఇప్పపూలు పంచాడు. కొంగలకు అవి మింగుడుపడలేదు. అయినా మింగాయి.

ఆ మర్నాటి నుంచి మీసాలమ్మ తన రేవులో నాలుక చేపను ముట్టడం మానేసింది. అక్కడ బురదలో గోరంత చేపపిల్లలు ఇంకా ఉన్నాయి. వాటి మీద నుంచి ఈదేటప్పుడు కూడా పిల్లలకు "కాళ్లు కదపకండర్రా" అని చెప్పేది. తనూ పిల్లలూ నత్తలు తిన్నారు, పీతలు తిన్నారు. పిల్లలు ఏడ్చారు.

"వర్షాలు పడేదాకా ఓర్చుకోండి," అనేది. "అప్పటికి ఇవి మీ అంత అవుతాయి."

ఐదో పున్నమి దగ్గర పడింది. పై రేవులోనూ నడిమి రేవులోనూ చేప అన్నది లేదు. కొంగలు రోజంతా ఒంటికాలి మీద నిలబడి, సాయంత్రం కాలు మార్చుకుని ఇళ్లకు పోతున్నాయి. పది చేపలు లేకపోతే ఇరవై గుల్లలు రావు. సంచయ్యకు దిగులు పట్టుకుంది. దిగులుగా ఒడ్డున నడుస్తుంటే ఒక బాదం ఆకు గాలికి వచ్చి అతని ముక్కు మీద పడింది. తీసి చూశాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. గురివింద పొద దగ్గరికి పోయి రెండు గింజలు కోసుకొచ్చి, ఎర్రని గింజ మీది నల్ల చుక్క పైకి వచ్చేలా, బంకతో ఆకు మీద పక్కపక్కన అతికించాడు. ఆకు అతని వంక చూసింది.

"బావా," అని ధవళయ్యను పిలిచాడు, "చేప దొరికింది."

పున్నమినాడు బండ మీద సంచయ్యవి పది, ధవళయ్యవి పది పరిచి ఉన్నాయి. పొద్దున్నే అవి పరిచి తిరిగి వచ్చేదారిలో సంచయ్య మీసాలమ్మ రేవు దగ్గర ఆగాడు.

"చెల్లెమ్మా, నీకూ పది ఆకులు ఉంచాను. గింజలు అతికించే పెట్టాను. మొహమాటపడకు."

మీసాలమ్మ ఆకులు చూసింది. వెనక పిల్లలు నత్తగుల్ల ఒకటి పట్టుకుని నలుగురూ నాలుగు వైపులా లాగుతున్నారు.

"అన్నయ్యా, ఇవి పెడితే రేవు నిలుస్తుంది. నిలిచిన రేవులో మనం ఏం తింటాం?"

"ముందు నిలవనీ."

"ఉన్నదున్నట్టు పెడితేనైనా వాళ్లు చూస్తారు. చూస్తే వేట ఆపుతారు. నా మాట విని మీరూ తీసేయండి."

"అమ్మాయ్, నీకు ఈత బాగా వచ్చు గానీ, సంఘం బొత్తిగా రాదు," అని సంచయ్య ఆకులు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఏటి నడుమకు పోయి పొద్దంతా వెతికి దొరికిన ఒక్క చేపనూ బండ మీద పెట్టింది. డిప్పయ్య ఆకుల వరస నడిచాడు. ఇరవై. రెండో ఆకుల వరస నడిచాడు. ఇరవై. మీసాలమ్మ చేప దగ్గరికి వచ్చాడు. రెండు.

"తాతా! అవి ఆకులు!"

డిప్పయ్య ఆకుల వంక చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వాసన కూడా చూశాడు.

"ఆకులే," అన్నాడు చివరికి. "కానీ కళ్లున్నాయి."

మీసాలమ్మ అధ్యక్షుడి దగ్గరికి ఒక ఆకు పట్టుకుపోయింది. "అయ్యా, మీరే చూడండి. ఇది చేపా?"

"నేను చేపలు తిననమ్మా. నాకెలా తెలుస్తుంది?" అన్నాడు భల్లూకరావు. గీత చూశాడు. "పై రేవు ఇరవై. నడిమి రేవు ఇరవై. గీత కిందికి వంగింది నీ వల్లే. వచ్చే పున్నమికి జాగ్రత్తపడు."

ఆరో పున్నమికి ఎండలు ముదిరాయి. ఆకులు తాజాగా కోసి తెచ్చారు కనక బండ పచ్చగా కళకళలాడింది. మీసాలమ్మ ఈసారీ ఒక్క చేపే తెచ్చింది. తెచ్చి, బండ మీద పెట్టి, వెనక్కి తిరిగి కొంగల వంకా గూడబాతుల వంకా చూసింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. సంచయ్య సంచి ఆరిన గోచీలా వేలాడుతోంది.

"ఒక్కరైనా చెప్పండి," అంది. "ఆకలేస్తోందని అయినా చెప్పండి."

ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు.

డిప్పయ్య రెండు గుల్లలు పెట్టాడు. వరసగా రెండు పున్నములు ఇరవైకి తక్కువ. చిన్న రేవు మూతపడింది. ఆ నీరు మిగతా రెండు రేవులకూ సమానంగా పంచారు. మర్నాడు పొద్దున్నే కొంగలు ఒక పక్కనుంచి, గూడబాతులు ఒక పక్కనుంచి ఆ బురదలో దిగాయి. బొటనవేలంత ఎదిగిన చేపపిల్లలు అక్కడ మెత్తగా పడుకుని రెండు కళ్లతోనూ పైకి చూస్తున్నాయి. ఎండ ఎక్కకముందే అయిపోయాయి. ఎవరికీ నోరు కూడా తడవలేదు.

"ఇవేనా ఆమె దాచుకున్నవి!" అని సంచయ్య చిరాకుపడ్డాడు. "ఈ మాత్రానికి ఇంత రభస చేసింది."

రెండు రోజులు చూసి, గూడబాతులు దక్షిణాన ఇంకో ఏరుందని ఎగిరిపోయాయి. మూడో రోజు కొంగలూ పోయాయి. పోయేముందు ధవళయ్య బండ మీద ఇరవై ఆకులు మర్యాదగా సర్ది, గాలికి పోకుండా ఒక్కోదాని మీదా ఒక్కో చిన్న రాయి పెట్టి మరీ పోయాడు.

ఏడో పున్నమికి డిప్పయ్య వచ్చి లెక్కపెట్టాడు. పై రేవు ఇరవై, నడిమి రేవు ఇరవై. శాస్త్రి దిబ్బ మీద అడ్డంగా నడిచాడు. భల్లూకరావు గీత చూసి, ఈ సంఘం ఉన్నంతకాలం ఏటికి ఢోకా లేదని తీర్మానం చేశాడు. కాదనేవాళ్లెవరూ లేకపోవడంతో తీర్మానం ఏకగ్రీవమైంది.

దీని నీతి ఏమిటంటే, చేప ఉన్నా లేకపోయినా కళ్లు మాత్రం పైకి ఉండాలి.

నీటికుక్కలకు రెక్కలు ఉండవు. మీసాలమ్మ ఎండిన వాగు వెంట, ఎగువన ఉన్న నీళ్ల కోసం, పిల్లలను నడిపించుకుంటూ పోయింది. నాలుగు రోజులు పట్టింది. బయలుదేరినప్పుడు పిల్లలు నలుగురు. చేరినప్పుడు ముగ్గురు.